నాన్న కారుకి మైనపు పూత

కారు కొన్న కొత్తలో అందరూ తుడుస్తారు. పదిహేనేళ్ల తర్వాత కూడా అదే శ్రద్ధగా తుడిచేవాళ్లు వీధికి ఒకరుంటే గొప్ప. మా వీధిలో ఆ ఒక్కరూ మా నాన్నే.

నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి 2009లో రిటైరయ్యారు. మరుసటి ఏడాది, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ముదురు నీలం రంగు చిన్న కారు కొన్నారు. నా పెళ్లి శుభలేఖలు పంచింది ఆ కారులోనే. నన్ను పురిటికి తీసుకెళ్లింది ఆ కారులోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వీధిలోని చెట్టు కొమ్మ విరిగి, వెనక తలుపు మీద గీసుకుంటూ పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

సొంత కార్లకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ గడువు 2025లో అయిపోయింది. తనిఖీ చేయించి రెన్యువల్ చేయించుకుంటే మరో అయిదేళ్లు తిప్పుకోవచ్చు. ‘వచ్చినకాడికి అమ్మేద్దాం’ అన్నాడు అన్నయ్య. నాన్న ఏమీ అనలేదు. కళ్లు ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేశారు. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, ‘నీ ఇష్టం తల్లీ’ అన్నారంతే.

ఇంజిన్‌కి ఢోకా లేదన్నాడు మెకానిక్. వెలవెలబోయిందల్లా పైన రంగే. పెయింటింగ్ షెడ్డులో అడిగితే, మొత్తం గీకి కొత్త రంగు వేయించమన్నారు. ఆ మాట చెప్పగానే నాన్న మొహం చిన్నబోయింది. ‘కంపెనీ రంగు గీకించేస్తావా? అంత బాగా మళ్లీ పడదమ్మా’ అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది. ఆయన కారుని ఉంచుకోవాలనుకుంటున్నారు. అదీ, తను కొన్న కారులాగే ఉంచుకోవాలనుకుంటున్నారు.

సరే, రంగు వేయించకుండా ఉన్న రంగునే ఎలా నిలబెట్టాలి? ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరితే, మైనం డబ్బాల ప్రపంచంలోకి వెళ్లి పడ్డాను.

వెంట్రుకకన్నా పల్చన

ముందుగా తెలుసుకున్నది, కారు రంగు ఎంత మందం ఉంటుందన్న సంగతి. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికీ పైన గాజులాంటి పారదర్శకమైన పూత. దాన్ని క్లియర్ కోట్ అంటారు. ఇన్ని పొరలూ కలిపితే చాలా కార్లకి 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక దానికన్నా లావుగా ఉంటుంది!

ఎండనీ, వాననీ, కాకి రెట్టనీ భరించేది ఆ సన్నటి పొరే. అది ఉన్నంతకాలం కారు మెరుస్తుంది. పోయిందా, ఎన్ని డబ్బాలు పూసినా తిరిగిరాదు. నాన్న ఎప్పుడూ చెట్టు నీడనే వెతుక్కుని కారు పెట్టేవారు. అందుకే పదిహేనేళ్లయినా బానెట్, తలుపుల మీద ఆ పొర మిగిలే ఉంది. టాప్ మీద మాత్రం అరచేయంత మేర తెల్లగా పొక్కులు లేచిపోయింది.

ఇక్కడే ఇంకో మాట. మన దుకాణాల్లో పాలిష్ అన్నా, వ్యాక్స్ అన్నా ఒకటే అన్నట్టు అమ్ముతారు. రెండూ వేరు. పాలిష్ గీకేది. అందులో కంటికి కనిపించని సన్నటి గరుకుపొడి ఉంటుంది. గీతలున్న పైపొరని కాస్త అరగదీసి నున్నగా చేస్తుంది. వ్యాక్స్ పూసేది. ఉన్నదాని మీద ఒక పల్చటి రక్షణ పొరని వేస్తుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ మనం ఆ 40 మైక్రాన్ల మూలధనంలోంచి కొంత ఖర్చుపెట్టినట్టే. వ్యాక్స్ వేసిన ప్రతిసారీ దానికి కాపలా పెట్టినట్టు.

తాటాకు మైనం... కర్మాగారం మైనం

దుకాణానికి వెళితే మూడొందల నుంచి మూడువేల దాకా డబ్బాలు. ఒకదానిమీద పేస్ట్ అని, ఇంకొకదానిమీద లిక్విడ్ అని, మరోదానిమీద సిరామిక్ అని! అమ్మే కుర్రాణ్ని అడిగితే అన్నీ మంచివే అన్నాడు. చీరల కొట్లో కూడా అంతేగా. ఏది నేత, ఏది నూలు అన్నది మనమే చూసుకోవాలి.

పేర్లెన్నున్నా మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన జాతులు నాలుగు.

మొదటిది కార్నౌబా మైనం. ఇది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అక్కడి ఎండలకి ఆకులోని తేమ ఆరిపోకుండా ఆ చెట్టు తన ఆకుకి తనే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిలా రాలుతుంది. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరిగిపోతే, ఇది 82-86 డిగ్రీల దాకా ఆగుతుంది. చాక్లెట్లకీ, మందుబిళ్లలకీ పైన నిగనిగలాడే పూత వేయడానికి కూడా దీన్ని వాడతారు. స్వతహాగా రాయిలా గట్టిగా ఉంటుంది కాబట్టి, నూనెలూ ద్రావకాలూ కలిపి మెత్తబరిస్తేగానీ పూయడానికి పనికిరాదు. అందుకే డబ్బా మీద ‘నూరుశాతం కార్నౌబా’ అని కనిపిస్తే, లోపలున్నదంతా అదేనని అనుకోకూడదు. అందులో వాడిన కార్నౌబా స్వచ్ఛమైనదని మాత్రమే అర్థం.

రెండోది సీలెంట్. ఇది కర్మాగారంలో తయారైన పాలిమర్. కార్నౌబాలా వెచ్చటి మెరుపు ఇవ్వదంటారు గానీ ఎక్కువకాలం నిలుస్తుంది. మూడోది క్లీనర్ వ్యాక్స్. ఇందులో మురికిని వదలగొట్టే మందు, కొంచెం గరుకుపొడి, మైనం మూడూ కలిసి ఉంటాయి. ఒక్క పనితో అయిపోవాలనుకునేవాళ్లకి బాగుంటుంది. నాలుగోది ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న సిరామిక్. సిలికా ఆధారంగా చేసే పూత. ఏళ్లతరబడి నిలిచే రకాలకి ఖర్చెక్కువ, పూయడానికి నేర్పూ కావాలి. తేలిగ్గా చల్లుకునే రకాలు కొన్ని నెలలకే పోతాయి.

మాకు కావలసింది ఏది? కారు పగలంతా ఎండలో ఉంటుంది. సముద్రం గాలి తగులుతుంది. నాకు దొరికేది ఆదివారం పొద్దున్న రెండు గంటలు. ఆ లెక్కన అడుగున సీలెంట్, దానిమీద కావాలంటే కార్నౌబా చాలనిపించింది. మధ్యరకం ధరలో చెరొక డబ్బా కొన్నాను. మా ఆయన చూసి, ‘కారుకి ఫేషియలా?’ అని నవ్వారు. ఫేషియల్ ధరతో పోలిస్తే ఇదే నయమన్నాను.

పూతకి ముందు పని

ఏటికొప్పాక లక్కబొమ్మలు మాకు దగ్గరే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి పని చూసినవాళ్లకి తెలుస్తుంది. అంకుడు కర్రని గిరగిరా తిప్పుతూ ముందు నున్నగా చెక్కుతారు. ఆ తర్వాతే లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. కింద కర్ర గరుగ్గా ఉంటే పైన లక్క ఎంత మంచిదైనా బొమ్మ మెరవదు. కారు దగ్గరా అదే సూత్రం.

కారు శుభ్రంగా కడిగి ఆరాక, చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసి చూడండి. వట్టి చేతికి నున్నగా తగిలిన చోటే, కవరు మీంచి ఇసక కాగితంలా తగులుతుంది. మా కారు బానెట్ సరిగ్గా అలాగే తగిలింది. పోర్టు, రైళ్లు, కర్మాగారాలు ఉన్న ఊరు మాది. గాలిలో తేలే ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఉండిపోతుంది. షాంపూతో పోదు. దానికి క్లే బార్ అనే బంకమట్టిలాంటి ముద్ద ఉంటుంది. రంగు మీద జారుడు ద్రవం బాగా చల్లి, ఆ ముద్దతో బరువు పెట్టకుండా రుద్దితే గుచ్చుకున్న రజనంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. గోధుమపిండి ముద్దలా మాటిమాటికీ మడిచి, శుభ్రమైన వైపు పైకి తేవాలి. ఒక్క హెచ్చరిక. ముద్ద కిందపడితే ఇక చెత్తబుట్టలోకే. దానికంటుకున్న ఒక్క ఇసక రేణువు చాలు, పొడుగాటి గీతలు పెట్టడానికి.

బానెట్ రుద్దిన ముద్దని నాన్నకి చూపించాను. నల్లగా మారిపోయింది. దాన్ని వేళ్లతో నలిపి, ‘మా ఫ్యాక్టరీ దుమ్ము కూడా ఉంటుందిలే ఇందులో’ అని నవ్వారు. చాలా రోజులకి ఆయన కారు దగ్గరకొచ్చి నిలబడింది ఆ రోజే.

తర్వాత కాస్త మెత్తటి రకం పాలిష్‌ని చేత్తోనే ఒక్కసారి రుద్దాను. మిషన్ పెట్టించలేదు. పదిహేనేళ్ల పొరలో ఎంత మిగిలిందో కొలిచే పరికరం మన దగ్గర లేనప్పుడు, తక్కువ అరగదీయడమే క్షేమం. గీతలన్నీ పోలేదు. నీలం మాత్రం పైకి తేలింది.

ఏది కింద... ఏది పైన?

ఇక పొరల సంగతి. చీర కింద లంగాలాగే ఇక్కడా వరస ఉంది. సీలెంట్ నేరుగా శుభ్రమైన రంగుకి పట్టుకోవాలి. ముందే కార్నౌబా పూసేస్తే అందులోని నూనెలు అడ్డుపడతాయి. అందుకని సీలెంట్ ముందు, మైనం తర్వాత. తిరగేస్తే సీలెంట్ డబ్బు దండగే.

సీలెంట్ పూసి తుడిచాక వెంటనే మైనం వేయకూడదు. అది గట్టిపడడానికి డబ్బా మీద రాసినంత సమయం ఇవ్వాలి. చాలావాటికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు. ఈలోగా వాన తగలకూడదు. నేను శనివారం సాయంత్రం సీలెంట్, ఆదివారం సాయంత్రం మైనం పెట్టుకున్నాను.

రెండోసారి అదే సీలెంట్ పూయొచ్చా? పూయొచ్చు. మొదటిసారి చెయ్యి తప్పిన చోట్లు నిండుతాయి. దానివల్ల లాభం అంతవరకే. అయిదారు పొరలు వేస్తే అద్దంలా తయారవుతుందనుకుంటాం గానీ, అలా పేరుకోదు. కొత్త పొరలోని ద్రావకం పాత పొరని కొంత కరిగిస్తుంది. మిగిలినది తుడిచే గుడ్డకి వచ్చేస్తుంది. క్లీనర్ వ్యాక్స్ అయితే మరీనూ. కింద ఉన్నదాన్నంతా ఊడ్చేసి తను కూర్చుంటుంది. కాబట్టి పొరల మీద పొరలు వేసేవాళ్లు దాని జోలికి పోకూడదు.

ఇదంతా విన్నాక నాకో సందేహం. రెండు డబ్బాలూ నిజంగా కావాలా? తేల్చుకుందామని బానెట్‌ని మాస్కింగ్ టేపుతో మూడు భాగాలు చేశాను. ఎడమవైపు ఉత్త మైనం, మధ్యలో ఉత్త సీలెంట్, కుడివైపు సీలెంట్ మీద మైనం. తుడిచి, టేపు తీసేసి, ఇంట్లో వాళ్లందర్నీ పిలిచాను. ఎక్కువ మెరుస్తున్నదెక్కడో చెప్పమన్నాను. మా ఆయన ఎడమన్నారు. మా అబ్బాయి మధ్యన్నాడు. అమ్మ కళ్లజోడు సవరించుకుని, ‘అంతా ఒకేలా ఉంది కదే!’ అంది. అమ్మదే సరైన జవాబేమో!

తేడా వానల్లో తెలిసింది. మొదటి వానకి మూడు భాగాల్లోనూ నీళ్లు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలిచాయి. తామరాకుకీ పైన మైనమే ఉంటుంది. రెండో నెల సగానికి వచ్చేసరికి ఎడమవైపు బొట్లు చప్పబడి, నీళ్లు పరుచుకోవడం మొదలుపెట్టాయి. అంటే మైనం అయిపోతోందన్నమాట. సీలెంట్ ఉన్న రెండు భాగాలూ నాలుగో నెలలో కూడా ముత్యాల్లా బొట్లు కట్టాయి. వాటిలో వాటికి తేడా నాకు కనిపించలేదు. మా కారు, మా ఎండ, మా సముద్రం గాలికి తేలిన ఫలితం ఇది. మరో ఊళ్లో లెక్క కొంత మారొచ్చు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క డబ్బానే కొనాలనుకుంటే సీలెంట్ చాలు. మైనం సరదాకి, పండగ పూటకి. ముదురు రంగు కార్లకి దానివల్ల కాస్త నిండుదనం వస్తుందంటారు. తెల్ల కార్లకి ఆ మాత్రం కూడా కనిపించడం కష్టం.

చిన్న జాగ్రత్తలు

పూసే పద్ధతికొస్తే, ఎండలో అసలు పని పెట్టుకోకూడదు. ముదురు రంగు బానెట్ మన వేసవిలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దానిమీద మైనం వేస్తే ఎండిపోయి, తుడవలేక చేతులు పడిపోతాయి. పొద్దున్నే నీడలో, చిన్న చిన్న భాగాలుగా పూయాలి. దోసెకి నూనె రాసినట్టు పల్చగా ఉండాలి. మందంగా పూసినదంతా చివరికి గుడ్డ పాలే. నల్ల ప్లాస్టిక్ అంచులకి తగిలితే తెల్లగా ఆరి ఓ పట్టాన పోదు. ముందే టేపు అంటించుకోవడం మేలు. తుడవడానికి పాత బనియన్లు వద్దు. కుట్లూ అంచులూ గీతలు పెడతాయి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు మూడు కొనుక్కుంటే ఏళ్లు వస్తాయి.

అసలు గీతలెక్కువ పడేది కడిగేటప్పుడే. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు కడిగే కుర్రాడు తెల్లారేలోగా పదకొండు కార్లు కడగాలి. ఒకే బకెట్, ఒకే గుడ్డ. మొదటి కారు ఇసక పదకొండో కారు మీద తిరుగుతుంది. అతన్ని అని ఏం లాభం? కారుకి అతనికిచ్చే డబ్బుకి అంతకన్నా సమయం రాదు. మా కారుకి విడిగా రెండు బకెట్లు పెట్టాను. ఒకటి షాంపూ నీళ్లకి, ఇంకొకటి గుడ్డ జాడించడానికి. నెలకి ఇచ్చేది కొంచెం పెంచాను. ‘గిన్నెల సబ్బు వేసేదాన్నండి అమ్మగారూ, నురగ బాగా వస్తాదని’ అన్నాడు. గిన్నెల జిడ్డుని వదలగొట్టే సబ్బు మైనాన్ని మాత్రం వదులుతుందా? కారు షాంపూ సీసా కూడా అతని చేతికే ఇచ్చాను. బోరు నీళ్లతో కడిగితే బొట్లు ఆరేలోగా తుడిచెయ్యమన్నాను. లేకపోతే ఆ నీళ్లలోని సున్నం తెల్లటి మచ్చలై కూర్చుంటుంది.

దసరాకి ఆయుధపూజ చేశాం. బానెట్ మీద అమ్మ తడి పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. అంతకుముందు ఏళ్లలో కుంకుమ ఎర్రటి నీడ నెలల తరబడి వదిలేది కాదు. ఈసారి మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే పోయింది. కాకి రెట్ట విషయంలో మాత్రం పూతని నమ్ముకుని కూర్చోకూడదు. అందులోని ఆమ్లం ఎండ వేడికి రంగుని తినేస్తుంది. మైనం కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో తడిపి తీసెయ్యాల్సింది మనమే.

మైనం వల్ల కానివి

టాప్ మీద పొక్కులు లేచిన చోటు అలాగే ఉంది. మైనం అక్కడేమీ చేయలేదు. హుద్‌హుద్ గీతా పోలేదు. గోరు పట్టేంత లోతుంటే ఏ పాలిష్‌కీ పోదట. షెడ్డువాళ్లు ఆ ఒక్క తలుపూ వేస్తామన్నారు. నాన్నే వద్దన్నారు.

తుప్పు గురించి ఆయన చెప్పిందే నిజమైంది. ‘పైన మెరుస్తోంది కదా అని మురిసిపోకు తల్లీ. తుప్పు అంచుల్లో మొదలవుతుంది. తలుపుల కింద నీళ్లు పోయే కన్నాలు ఉంటాయి, చూడు’ అన్నారు. వంగి చూస్తే రెండు కన్నాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో తీస్తే తలుపులోంచి ఎర్రటి నీళ్లు కారాయి. ఏ డబ్బా మీదా రాయని సంగతి అది. ఉప్పుగాలి ఊళ్లలో కారున్న ప్రతివాళ్లూ ఒకసారి చూసుకోవాల్సిన చోటు.

రెన్యువల్ అయింది. మరో అయిదేళ్లకి కాగితం చేతికొచ్చింది. అన్నయ్య ఫోన్లో, ‘పూసిన ఖర్చుతో కలిపితే ఎంతయిందే?’ అని లెక్కలడిగాడు. చెప్పాను. రంగు వేయించే ఖర్చులో అది చిన్న మూల. అయినా పాత కారుకి ఇంత అవసరమా అన్నాడు. కొత్త కారుకి రంగు పోయినా కంపెనీ వాళ్లున్నారు. పాతదానికి మిగిలిందే మిగిలింది. అవసరమంతా దానికే కదా అన్నాను.

నాలుగు నెలలకోసారి సీలెంట్ వేయాలని క్యాలెండర్‌లో రాసుకున్నాం. గుడ్డలు ఉతికి ఆరేసే పని నాన్న తీసుకున్నారు. వాటిని ఇంట్లో వేరే పనికి ఎవరైనా ముట్టుకుంటే ఆయన ఊరుకోవడం లేదు.